కలివి పండ్లు తినాలంటే మార్చిలోనే మొదలుపెట్టాలి

ప్రతి మే నెలాఖర్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, "ఈసారి పిల్లల్ని తీసుకొని ఊరికి వస్తున్నాం, అడవి పండ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పు" అని. ఎక్కడ దొరుకుతాయో చెప్తాను గానీ, అప్పటికే సగం పని చేయాల్సిన సమయం దాటిపోయి ఉంటుంది. అడవి పండ్లు ఏరుకోవడం పండ్లు ఉన్నప్పుడు నేర్చుకునే పని కాదు, పూత ఉన్నప్పుడు నేర్చుకునే పని. పండు చూసి చెట్టును పోల్చుకునేవాడు ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాడు. ఆకు, ముల్లు, పువ్వు చూసి చెట్టును పోల్చుకున్నవాడు పండు రాకముందే దాని కింద నిలబడి ఉంటాడు.

మాది కడప జిల్లాలో లంకమల కొండల కింద ఊరు. సిద్దవటం, బద్వేలు చుట్టుపక్కల ఎటు చూసినా కంప అడవే, పెద్ద మాన్లు తక్కువ, మనిషి నడుము ఎత్తు పొదలు ఎక్కువ. ఆ పొదల్లో మాకు రాణి కలివి. అందుకే ఇక్కడ కలివి ఒక్కదాని గురించే కాస్త సాగదీసి చెప్తాను, మిగిలిన పండ్లు దారిలో వచ్చినప్పుడు వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా కూడా అదే: మొదటి ఏడాది ఒక్క చెట్టు నేర్చుకోండి. పది పేర్లు సగం సగం తెలిసినవాడితో అడవికి పోవడం కంటే ఒక్క పొద పూర్తిగా తెలిసినవాడితో పోవడం మేలు.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. బజార్లో పావుకిలో లెక్కన అమ్మే, గులాబీ ఎరుపు రంగులో ఉండే పుల్లటి వాక్కాయ వేరు, మా కలివి వేరు. రెండూ దగ్గరి చుట్టాలే. వాక్కాయ పెద్దది, తోటల్లో కంచెకి కూడా వేస్తారు, పప్పులోకీ పచ్చడిలోకీ దానికే గిరాకీ. కలివి చిన్నది, శనగగింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది, పచ్చగా మొదలై ఎర్రబడి చివరికి నిగనిగలాడే నల్లరంగుకు తిరుగుతుంది, అప్పుడే తీపి. కొన్ని ఊర్లలో కలే పండ్లు అంటారు, ఇంకొన్ని చోట్ల రెంటినీ వాక్కాయలనే పిలుస్తారు, పేరు పట్టుకొని వాదనకు దిగితే పొద్దు పోతుంది. ఇంకో ఉదాహరణ చెప్పాలంటే, పాల అనే పేరుతో మూడు నాలుగు వేరే వేరే చెట్లున్నాయి. ఒకదాని పండు వేపపండంత ఉండి బంగారు రంగులో తియ్యగా ఉంటుంది, కొడిశపాలలాంటివేమో తినే పండ్లే కావు. కాబట్టి "మా అత్తగారి ఊర్లో పాల పండ్లు తింటారు" అన్న మాట పట్టుకొని ఏ చెట్టు కాయా నోట్లో వేసుకోవద్దు.

సరే, మార్చి. ఎండలు ముదరకముందు ఒక పొద్దున చెరువు కట్ట మీదో, డొంకలోనో, గుట్ట అంచునో నడవండి. కలివి పొదకి ఎదురెదురుగా ఆకులుంటాయి, మందంగా, తోలులాగా, పైన మెరుస్తూ. కొమ్మకి ముళ్లు గట్టిగా, సూటిగా ఉంటాయి, అవీ జంటలే. పువ్వులు తెల్లగా, అయిదు రేకులతో, మల్లెపువ్వుకి చెల్లెల్లాగా ఉంటాయి, వాసన కూడా ఇంచుమించు అదే, గాలి మనవైపు ఉంటే పొద కనబడక ముందే తెలిసిపోతుంది. ఒక ఆకు తుంచితే తెల్లటి పాలు వస్తాయి. ఈ నాలుగూ ఒకేచోట ఉన్నాయా లేదా చూసుకోండి: ఎదురెదురు ఆకులు, జంట ముళ్లు, మల్లెలాంటి పువ్వు, పాలు. నాలుగింటిలో మూడు కుదిరి ఒకటి కుదరలేదంటే అది కలివి కాదు, ముందుకు నడవండి.

పాలు కారే చెట్టు జోలికి పోవద్దని చిన్నప్పుడు అందరికీ చెప్పే ఉంటారు. మంచి మాటే, కాకపోతే కలివి దానికి మినహాయింపు. అసలు భయం ఎక్కడుందంటే, ఇళ్ల ముందు పసుపు పూలు పూసే పచ్చగన్నేరు, మామూలు గన్నేరు, జిల్లేడు, ఇవన్నీ కలివి కుటుంబంలోవే, అన్నీ విషమే. పచ్చగన్నేరు ఆకు సన్నగా, పొడుగ్గా కత్తిలా ఉంటుంది, ముల్లు ఉండదు, కాయ పచ్చగా పలకలు పలకలుగా పెద్దగా ఉంటుంది, దానికీ కలివికీ పోలికే లేదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, "కలివికి పాలుంటాయి, దీనికీ పాలున్నాయి" అని ఒక్క గుర్తుతో లెక్క వేసే పిల్లలుంటారు.

పూత చూసిన పొదలన్నీ గుర్తు పెట్టుకోండి. నేను ఫోన్‌లో మ్యాపు మీద పిన్ను పెట్టుకుంటాను, మా నాయన మాత్రం "ఎర్రబండ దాటినాక మూడో పొద" అని నోటితోనే చెప్తాడు, ఆయనదే ఎక్కువసార్లు సరిపోతుంది. ఫోటో తీస్తే చెట్టు పేరు చెప్పే యాప్‌లు కూడా ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. పేరు ఊహించడానికి బాగానే పనికొస్తాయి గానీ, యాప్ చెప్పిందని తినొద్దు. ఆ ఊర్లో మేకలు కాసే పెద్దమనిషిని ఒకసారి తోడు తీసుకెళ్లి, పొద దగ్గర నిలబెట్టి "ఇదేనా మామా" అని అడగండి. ఆయన ఔనంటేనే ఔను.

ఇక ఎప్పుడు పోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలకే మా వైపు కలివి కాయ ఎర్రబడడం మొదలవుతుంది. మే చివరి వారంలో రోహిణి వస్తుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. రోహిణిలో ఒక వాన పడిందా, వారం తిరిగేసరికి పండ్లు నల్లబడి గుజ్జు పట్టి ఉంటాయి, వాన పడకపోతే కాయ చిన్నగానే ఉండి వగరు వదలదు. ఆరుద్ర దాకా దొరుకుతూనే ఉంటాయి, కానీ వానలు ఎక్కువైతే పండు పగిలి చప్పబడుతుంది. నన్నడిగితే మొదటి మంచి వాన తర్వాత అయిదో రోజు నుంచి పదో రోజు దాకా అసలైన సమయం. తునికి పండ్లయితే ఇంకా ముందే, ఏప్రిల్ మే నెలల్లో, బీడీ ఆకు కోసే రోజుల్లోనే పండుతాయి, పసుపుపచ్చగా, లోపల సపోటా రుచితో. ఈత పండు మే, జూన్. నేరేడు తొలకరికి. రేగు పండ్లు మాత్రం చలికాలం సంగతి, ఎండాకాలంలో వాటికోసం వెతికి లాభం లేదు.

పోయే రోజు తెల్లవారి అయిదున్నరకల్లా ఇంటి నుంచి కదలండి, తొమ్మిదికల్లా తిరిగి వచ్చేయండి. మే నెలలో మాకు 42, 43 డిగ్రీలు మామూలు విషయం, పదింటికి బండల నుంచి వేడి పైకి కొడుతుంది, కంపలో నీడ ఉండదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక సీసాలో ఉప్పేసిన మజ్జిగ. నిండు చేతుల చొక్కా, మందం ప్యాంటు, కాలికి బూట్లు, చెప్పులతో పోయేవాళ్లను చూస్తే నాకు అరికాల్లో ముల్లు దిగినట్టే ఉంటుంది. చేతికి ఒక కర్ర. పండ్లు వేసుకోవడానికి కవరు వద్దు, అడుగున ఉన్నవి నలిగి రసం కారిపోతాయి, మూతలేని వెడల్పాటి స్టీలు గిన్నె గానీ చిన్న వెదురు బుట్ట గానీ మేలు. మోదుగాకులు దొరికితే దొప్ప కుట్టి పిల్లల చేతికివ్వండి, వాళ్లు ఎంత ఏరినా దాంట్లో ఒక్క పండూ మిగలదు, అది వేరే సంగతి.

కర్ర ఎందుకంటే, పొద దగ్గరికి పోగానే చేయి పెట్టకూడదు. ముందు నేల మీద నాలుగు దెబ్బలు కొట్టాలి, పొద అడుగున ఎండుటాకుల్ని కదిలించాలి, ఒక నిమిషం ఆగాలి. రక్తపింజర, చిన్నపింజర రెండూ ఇలాంటి నేలను ఇష్టపడేవే, ఎండుటాకుల్లో పడుకుంటే రంగు కలిసిపోయి పక్కనే ఉన్నా కనపడవు. కిందపడ్డ పండ్లు ఏరడానికి పొద కిందికి దూరే పిల్లల్ని వెనక్కి లాగండి. ఖర్మకాలి కరిస్తే తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయించడం ఏదీ వద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, పాము విషానికి ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి పోవడమే. బయల్దేరే ముందే అలాంటి ఆసుపత్రి దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోవడం చాదస్తం అనుకోకండి.

పొద చివళ్లలో కందిరీగల గూడు ఉందేమో కూడా ఆ నిమిషంలోనే చూసుకోవాలి. ఎలుగుబంటి గురించి ఎవరూ చెప్పరు. దానికి కలివి, ఈత, తునికి, రేగు అన్నీ ఇష్టమే, మనం పోయే టైముకే అదీ వస్తుంది. నేల మీద గింజలతో నిండిన పెద్ద పెంటిక తాజాగా కనబడితే ఆ రోజుకి ఆ పొదలు దానివి, మాట్లాడకుండా వెనక్కి తిరగండి. తప్పు, మాట్లాడుతూనే తిరగండి. ఎలుగుబంటి చాలాసార్లు మీద పడేది హఠాత్తుగా ఎదురుపడి బెదిరినప్పుడే, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ నడవడం మంచిది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఒంటరిగా కంపలోకి పోయే మా పిన్ని కొడుకు లాంటివాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

ఎక్కడికి పోవాలన్నదాంట్లో ఒక మెలిక ఉంది. లంకమల అభయారణ్యం, దానిలోపల అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, పండు కోయడం కూడా నేరమే, 1972 వన్యప్రాణి చట్టం సంగతి అది. అడవిలో తరతరాలుగా ఉంటున్నవాళ్లకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది, అది వాళ్ల బతుకుతెరువు, సెలవులకి వచ్చిన మనకి వర్తించదు. పైగా ఇది ఎర్రచందనం నేల. ఒకసారి నేను, మా బావ తెల్లవారుజామున బైకు మీద గోనెసంచి, కొడవలి పెట్టుకొని పోతుంటే చెక్‌పోస్టులో ఆపి గంటన్నర కూర్చోబెట్టారు. కలివి పండ్లకి పోతున్నాం సార్ అంటే, అంత పొద్దున్నే కొడవలితో కలివి పండ్లకా అని ఆయన అడిగింది కూడా న్యాయమే. అప్పటినుంచి కొడవలి, గొడ్డలి ఇంటి దగ్గరే. అడవిలోపలికి పోవాల్సిన పని కూడా లేదు: చెరువు కట్టలు, వంక గట్లు, బీడు భూములు, చేను చుట్టూ ఉన్న పాత కంచెలు, గుడి వెనక గుట్టలు, కలివికి ఇవే చాలు. చేను ఎవరిదో వాళ్లని అడిగి పోండి, ఎవరూ కాదనరు, కాకపోతే కంచె కొమ్మలు పక్కకి లాగి సందు చేసి వస్తే మరుసటి రోజు మేకలు దూరతాయి, ఆపైన ఊరంతా మీ పేరే.

లంకమల అన్నాను కాబట్టి ఆ పిట్ట గురించి చెప్పకుండా పోలేను. కలివి కోడి అని ఒక పిట్ట ఉంది, ఇంగ్లీషువాళ్లు జెర్డాన్స్ కోర్సర్ అంటారు. పొడుగు కాళ్లతో నేల మీద పరుగెత్తే పక్షి, రాత్రిపూటే తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్నారు, 1986లో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాని కోసమే ఈ కొండల్ని అభయారణ్యం చేశారు. బయట దానికి కొత్తగా దొరికిన పక్షి అని పేరు గానీ, కలివి పొదల మధ్య తిరుగుతుందని ఇక్కడివాళ్లు ఎప్పుడో ఈ పేరు పెట్టుకున్నారు. పొద నరికితే పోయేది పండ్లు మాత్రమే కాదని మా వైపు పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు, పేరులోనే ఉంది.

కోయడం ఎలాగంటే, నల్లగా ఉన్నదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కొంచెం తిప్పితే రావాలి. లాగాల్సి వచ్చిందంటే ఇంకా పండలేదు, వదిలేయండి. ఎర్రగా ఉన్నవి పులుపు, పప్పుకి బావుంటాయి, నల్లవి నోటికి. రెంటినీ ఒకే గిన్నెలో వేయొద్దు, ఎర్రవాటి పాలు నల్లవాటికి అంటుకొని జిగురు జిగురుగా తయారవుతాయి. ఎడమ చేత్తో కర్రకొసతో కొమ్మని ఎత్తి పట్టుకొని, కుడిచేత్తో కింది నుంచి కోస్తే ముళ్లు తక్కువ గీరుకుంటాయి, పైనుంచి చేయి దూర్చేవాడికి ఇంటికెళ్లాక స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది. ఒక పొదలో సగం కోసి పక్క పొదకి పోండి. పొద నడిమధ్యలో ఉన్నవి ఎలాగూ అందవు, అవి పిట్టలవి.

పక్కనే పసుపుపచ్చ పండ్లతో ఎదురెదురు ముళ్ల పొద కనిపిస్తే అది బలుసు కావచ్చు. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు అన్న సామెతలో బలుసు అదే. పండు రెండు బుడిపెలు అతికించినట్టు ఉంటుంది, లోపల రెండు గింజలు, కొంచెం బంకగా, తియ్యగా. పాల పండ్లయితే తినే ముందు పెదాలకి కాస్త నూనె రాసుకోవాలి, లేకపోతే బంక పట్టుకొని పెదాలు అతుక్కుపోతాయి, మా అవ్వ కొంగు ముడిలో చిన్న నూనె సీసా అందుకే ఉండేది. ఈతకి దోటి కావాలి, ఈత మట్టల అడుగున ఉండే ముల్లు గుచ్చుకుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కొస విరిగి లోపలే ఉండిపోతుంది, కీలు దగ్గర దిగితే రోజుల తరబడి వాచిపోతుంది, సూదితో ఇంట్లో పొడుచుకోకుండా డాక్టరుకి చూపించి టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి. రంగు తిరిగిన ఈత గెలను తెచ్చి వసారాలో వేలాడదీస్తే రోజుకి గుప్పెడు చొప్పున పండుతూ వస్తుంది.

ఇప్పుడు తినకూడనివి. "పిట్ట తింటే మనమూ తినొచ్చు" అన్న మాట ఎవరు కనిపెట్టారోగానీ దాన్ని మర్చిపోండి. ముషిణి పండు చూడ్డానికి చిన్న కమలాపండులా ముద్దొస్తుంది, గుజ్జుని పక్షులు, కోతులు తింటాయి, గింజల్లో ప్రాణం తీసే విషం ఉంటుంది. గురివింద గింజ ఎర్రగా నల్ల చుక్కతో పిల్లల్ని పిలుస్తుంది, నమిలితే అంతే. అడవి ఆముదం, అంటే కంచెలకి వేసే నేపాళం, దాని గింజలు వేరుశనగలా రుచిగా ఉంటాయని పిల్లలు పంచుకొని తిని వాంతులతో గుంపులుగా ఆసుపత్రిలో చేరిన వార్తలు చాలాసార్లు చదివాం. మంగ కాయ చిన్న జామకాయలా ఉంటుంది, అది చేపల్ని మత్తెక్కించడానికి వాడే కాయ. లంటానా గుత్తుల్లోని చిన్న నల్ల పండ్లు మేం చిన్నప్పుడు తిన్నమాట నిజమే, పచ్చివి విషమని తెలిశాక మా పిల్లల్ని ముట్టనివ్వడం లేదు. ఎవరైనా పొరపాటున ఏదైనా తింటే బలవంతంగా వాంతి చేయించకండి, తిన్న కాయను, ఆకుతో సహా ఒక కొమ్మను సంచిలో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తండి, డాక్టరు మొదట అడిగేది "ఏం తిన్నాడు" అనే.

సరైన కలివి అని తేలినా మొదటిసారి తినేవాళ్లు నాలుగు పండ్లతో ఆపి చూసుకోండి. ఖాళీ కడుపున గిన్నెడు తింటే గొంతు గీరుకుపోతుంది, కడుపులో తిప్పుతుంది, అందుకే మా అవ్వ "అబ్బీ, ముందు ముద్ద సంగటి తిని పో" అనేది. రోడ్డు పక్క పొదలవి, పురుగుమందు కొట్టే చేల గట్ల మీదవి కోయొద్దు, ఎంత నల్లగా ఊరిస్తున్నా సరే.

ఇంటికి తెచ్చాక వెంటనే కడగొద్దు. వెడల్పాటి పళ్లెంలో ఒకే వరసలో పరిచి, ఆకులు, చీమలు, పగిలినవి ఏరేసి, తినేముందు తినేవరకే కడుక్కోండి. నల్లవి సాయంత్రానికే మెత్తబడతాయి, ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు. బట్టలకైన మరక చల్లటి నీళ్లతో అప్పటికప్పుడు ఉతికితే కొంత పోతుంది, మర్నాడు దాకా ఉంచితే ఆ చొక్కా ఇక కలివి పండ్లకే. చేతులకి అంటిన పాలజిగురు సబ్బుకి లొంగదు, కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి.

ఎర్రవి, పచ్చివి మిగిలితే పప్పు చేయండి. కాయల్ని సగానికి కోసి, గింజలు తీసి, ఉప్పు పసుపు వేసిన నీళ్లలో అరగంట ఉంచితే పాలు దిగిపోతాయి, నీళ్లు పారబోసి మళ్లీ ఒకసారి కడగాలి. కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించుకొని, కాయల్ని పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయతో కొంచెం నూనెలో మగ్గించి అందులో కలపాలి, ముందే కలిపి ఉడికిస్తే పులుపుకి పప్పు ఉడకదు. తిరగమోతలో ఎండుమిర్చి, వెల్లుల్లి కాస్త ఎక్కువ పడాలి. గ్లాసు పప్పుకి ఒక గుప్పెడు కాయలు లెక్క, ఊరంతా తిరిగి కోసుకొచ్చాం కదా అని మా ఆవిడ మొదటి ఏడాది రెండు గుప్పెళ్లు వేసింది, పుల్లగా నోట్లో పెట్టలేకపోయాం, ఇంకో గ్లాసు పప్పు ఉడకబెట్టి కలిపి పక్కింటివాళ్లకి కూడా పంపాం.